జగ్గారావు తెడ్డు దెబ్బ

హార్బరు గేటు దగ్గర ఎల్లారావు టీ బడ్డీలో అందరూ టీవీ ముందు చేరారు. చేపల వేట బంద్ రోజుల్లో భీమిలి ఒడ్డున రాక్షసుల మాయల సీరియల్ ఒకటి షూటింగ్ జరిగితే, తెప్పలతో సహా ఈ హార్బరు జాలర్లనే హీరో సైన్యంగా పెట్టుకున్నారు. అప్పట్నుంచీ వాళ్లలో ఒకడైన జగ్గారావు కోతలకి అడ్డూ ఆపూ లేదు. ఈ సాయంత్రం ఆ సీరియల్లో ఆఖరి యుద్ధం ఎపిసోడ్.

టీవీలో కనపడకపోతే జగ్గారావుని అబద్ధాలకోరంటారు. కనపడితే అంతకన్నా పరువు తక్కువ. ఆ రోజు తను నిజంగా చేసిన పనికి డైరెక్టరు మైకులో తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. ఆ ముక్క కోసేసి ఉండాలని నూకాలమ్మకి మొక్కుకున్నాడు. ఈలోగా జనం కళ్లు టీవీ మీద పడకుండా ఉండాలంటే నోరు మూయకూడదని కోతలు మొదలెట్టాడు.

"మొదట రాక్షసుడు ఒక్కడే వచ్చినాడు బావా. తెడ్డుతో మెల్లిగా ఒక్కటిచ్చినాను. పడిపోనాడు."

"ఒక్కడేనా?" అని నవ్వాడు బావమరిది గురువులు.

"కంగారెందుకు? ఆడి ఎనకాల ఏడుగురు! తెడ్డు ఒక్క తిప్పు తిప్పినాను, ఏడుగురూ ఎండబెట్టిన సేపల్లాగ వరసగా పడ్డారు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆ దెబ్బకి లేసిన కెరటం డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్‌ని తడిపేసి, అలాగే ఎల్లి స్టీల్ ప్లాంట్‌లో కొలిమి ఆర్పేసినాది!"

"మరి కరెంటు పోలేదేటి?" గ్లాసులు కడుగుతూ అడిగాడు ఎల్లారావు.

"పోనాది! సీకట్లోనే కొట్టినాను. రాక్షసరాజు వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. 'జగ్గారావు గారూ, నాను సావాల్సింది హీరో సేతిలో, తమరు ఆగండి' అని ఒకటే ఏడుపు..."

టీవీలో శంఖం మోగింది. జగ్గారావు గొంతు పెంచాడు. చేతిలో తెడ్డున్నట్టు తిప్పబోతే గ్లాసులో టీ ఒలికింది.

"ఉండవయ్యా, సూడనీ," అని కసిరింది అప్పుడే చేపల గంప దించి వచ్చిన భార్య గంగాలమ్మ.

యుద్ధం మాత్రం అదిరిపోయింది. నిప్పుల బాణాలు, మండే తెప్పలు, సముద్రమంతా ఎరుపు. భయంలో కూడా జగ్గారావు ఒళ్లు పులకరించింది. ఇంతలో తెర మూలన అతని తెప్ప కనపడింది. ఒక రాక్షసుడు నీళ్లలో పడి గిలగిల కొట్టుకుంటున్నాడు. జగ్గారావు తెడ్డు పారేసి, వాడి జుట్టు పట్టి తెప్పలోకి లాగి, బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కిస్తున్నాడు.

బడ్డీ అంతా ఒక్కటే నవ్వు. "సంపమంటే పురుడు పోసినావేటి బావా!" అని పొట్ట పట్టుకున్నాడు గురువులు.

"ఈయన సంపడమా! నీళ్లలో పడితే కుక్కపిల్లనైనా ఒగ్గేసి రాలేడు," అంది గంగాలమ్మ.

జగ్గారావు తల దించుకున్నాడు. రేపట్నుంచి హార్బర్లో తల ఎత్తుకునేదెలా?

గురువులు నవ్వు మెల్లిగా ఆగిపోయింది. చెయ్యి తన జుట్టులోకి వెళ్లింది.

"తుపానప్పుడు నీళ్లలో పడితే నన్నూ అలాగే జుట్టు పట్టి లాగినావు. ఇన్ని కతలు సెప్తావు, ఆ కత ఎన్నడూ సెప్పలేదేటి బావా?"

జగ్గారావు ఒలికిన టీని తువ్వాలుతో తుడిచాడు.

"అందులో కోతలు కొయ్యడానికి ఏటుంది బావా? పడ్డోడ్ని ఎవుడైనా లాగుతాడు."