ముడి బిగించకు, ఆల్రిక్

కదలకు మరి. మళ్లీ బిగించేశావు చూడు. బిగిసిపోయిన ముడికి బొమ్మ ఎలా వెయ్యమంటావు? ఏ పేట మీదుగా పోయిందో, ఏది కిందికి దూరిందో కనపడాలా వద్దా? కాస్త వదులు చెయ్యి. ఊఁ, అలాగ.

కోపమా? తాడు చివర పళ్ల మధ్య పట్టుకున్నాక నువ్వేం కోప్పడతావులే ఆల్రిక్. మన విండ్‌వర్డ్ ఊరు మొత్తంలో నీ నోరు మూయించింది ఈ తాడొక్కటే. అది నీ నోట్లో ఉన్నంతసేపూ రాజ్యం నాది.

అసలిదంతా తెచ్చిపెట్టింది గాడ్విన్ పెదనాన్న. వేళ్లు కొంకర్లు పోయాయి పాపం, తన పడవలకి వేసిన అందమైన ముడులన్నీ బొమ్మలుగా వేసి ఉంచమన్నాడు, రేపు పిల్లలు చూసి నేర్చుకోవాలిగా. నేను బుద్ధిగా నీకెదురుగా పీట వేసుకుని మొదటి బొమ్మ వేశాను. చూసి ఏమన్నాడు? "ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనపడే ముడి ఇది, కట్టేవాడికి తలకిందులు. వెళ్లి వాడి పక్కన కూర్చో. వాడి చేతులు వాడికెలా కనపడతాయో అలా వెయ్యి."

అందుకే ఈ ఇరుకు. నీ భుజం నా పెన్సిల్‌కి అడ్డం. పైగా ఆ తారు వాసన. మోచేతికి అంటుకున్నదేమిటి, పొద్దున తిన్న కందికాయల కూరేనా? నవ్వకు, తాడు జారుతుంది.

ఇదిగో, ఈ పేట. మీద, కింద, మీద... ఆగాగు. ఇక్కడ వరసగా రెండుసార్లు మీదుగా పోనిచ్చావు. లేదా? ఏదీ... ఊఁ. నా గీతే తప్పు. ఒక్కసారైనా నిన్ను తప్పు పడదామంటే దొరకవు కదా.

శనివారం కొత్త పడవని నీళ్లలోకి దించుతారు. గొర్రెని కోస్తారు, రమ్ము చల్లుతారు, మా అమ్మ గుండిగ నిండా మొక్కజొన్న సంకటి గెలుకుతుంది. జెండా విప్పి పడవ పేరు చూపిస్తే అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు తెరచాప ఎత్తి పెటిట్ మార్టినీక్ దీవికి పోతావు. అక్కడ కొట్టువాళ్ల అమ్మాయికి నీ ముడులంటే ప్రాణమటగా. తల అడ్డంగా ఊపుతావేం? మా అత్త ఊరికే చెబుతుందా?

చాల్లే, ఎంతసేపు ఊపుతావు. ముడి చెదురుతుంది.

తెరచాప తాడు కప్పీ పడవ డెక్కుని దబదబా బాదకుండా కింద పరిచే ఈ చాప ముడే ఆఖరిది. ఇది బిగించేస్తే నా పక్కన కూర్చునే పని నీకు లేదు. నాకూ లేదు.

అయిపోయింది బొమ్మ. ఇంక బిగించెయ్యి.

ఆల్రిక్, ఒకటి చెప్పనా? నోట్లోంచి తాడు తియ్యకు, తీస్తే చెప్పలేను. ఆ మొదటి బొమ్మలో తప్పేం లేదు. కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంటే, కట్టేవాడికి కనపడే ముడి అదే. పెదనాన్న చెబుతుండగానే నాకు తట్టింది. నోరు మెదపకుండా పీట పట్టుకుని ఇటు వచ్చేశాను.

ఏమిటా చూపు? నీకూ తెలుసా? అప్పట్నించీనా?

అదేమిటి, బిగించమంటే విప్పుతున్నావు? మొత్తం విప్పేస్తున్నావే. శనివారానికి కావాలయ్యా, పెదనాన్న మనిద్దరి వీపులూ చీరేస్తాడు.

సరేలే. నేనూ ఇంకో కాగితం తీస్తాను. జరగకు, ఆ భుజాన్ని అక్కడే ఉండనీ.