నోరాడిచ్చిన మేక మీద మైసన్న రూలు

రాండ్రి, ముంగటికి జరుగుండ్రి. తారా, ఆ చాప గింత ఇటు గుంజు, ఉత్త నేల మీద కూసోకు. ఏమంటివిరా అభిలాష్? అసెంబ్లీ చట్టం చేసినంక మళ్ల ఆఫీసర్లు రూల్స్ పెట్టుడేందంటవా? అయితె మైసన్న ముచ్చట వినాలె నువ్వు. ఆయన పోయి శాన ఏండ్లాయె, మీ తాతలకు ఎరుకే. మీసం గింత పొడుగు, కర్ర అంతకన్న పొడుగు. మన ఊరి బందెలదొడ్డికి కావలి. బందెలదొడ్డంటె, పరాయి చేన్ల వడ్డ పసులను తోలి పెట్టేది. ఇప్పుడు పాలకేంద్రం ఉన్నకాడ ఉండె.

చేన్ల పసులు పడొద్దని ఊరంత కూసోని తీర్మానం చేసిండ్రు. గంతే. ఏ పసరాన్ని ఎట్ల పట్టాలె, ఎప్పుడు ఇడువాలె అని రోజూ ఊరంత కూసుంటదా? నాట్లెవరేస్తరు? అందుకే సర్పంచ్ దేవయ్య, "మైసన్నా, గా చిన్న రూల్స్ నువ్వే పెట్టుకో. పెట్టినంక డప్పు సాటియ్యి, సభల చెప్పు. నచ్చకుంటె కొట్టేస్తం" అన్నడు. అసెంబ్లీ ఆఫీసర్లకు గిట్లనే ఇస్తది బిడ్డా. పెద్ద మాట దానిది, చిన్న మాటలు వాళ్లయి. చిన్న మాట పెద్ద మాటను దాటొద్దు. దాటితె అసెంబ్లీ కొట్టేస్తది, కోర్టు సుత కొట్టేస్తది.

ముందుగాల మంచి రూలే పెట్టిండు, ఎద్దు మెడల గంట ఉండాలె అని. ఊరు మెచ్చుకున్నది. ఇగ గా మెప్పు తలకెక్కింది. మేక చేన్ల మేసిందని ఎట్ల తెలుస్తది? బాగ ఆలోచించి ఇంకో రూలు పెట్టిండు: "నోరాడిచ్చే ప్రాణమేదైనా దొంగమేత మేసినట్టే. దొడ్డిల పెట్టాలె." డప్పు సాటిచ్చిండు గని సభల చెప్పుడు మర్చిండు.

నవ్వకుండ్రి! మేకన్నంక నెమరేయదా? శాంతవ్వ వాకిట్ల బీడీలు చేస్తుంది. పక్కన గుంజకు మేక, మొన్ననే ఈనింది, రెండు పిల్లలు. మైసన్న వచ్చి తాడిప్పిండు.

"ఏం పుట్టింది మైసన్నా నీకు? కట్టేసిన మేక చేన్లకెట్ల వోతది?"

"మరి నోరెందుకాడుతుంది శాంతవ్వా? రూలు రూలే. దొడ్డిల వడ్డదాన్ని రేపు ఎల్లారెడ్డి ఊరి అంగట్ల అమ్ముడే."

మేకను దొడ్డికి గుంజుకపోయిండు. పాలు లేక పిల్లలు సస్తయి. శాంతవ్వ రెండిటిని చెరో సంకల వెట్టుకొని దేవయ్య కాడికి ఉరికింది.

దేవయ్య దొడ్డి ముంగట్నే సభ పిలిచిండు. బయట పిల్లలు ఒర్రుతయి, లోపల తల్లి ఒర్రుతది, ఎవరి మాట ఎవరికీ ఇనస్తలేదు. "చేన్ల వడ్డదాన్ని పట్టుమన్నం. వాకిట్ల ఉన్నదాన్ని పట్టుమని నీకెవడు చెప్పిండు?" అన్నడు దేవయ్య.

"నన్నే పెట్టుకొమ్మంటిరి, పెట్టిన. రూలు ఉన్నన్ని రోజులు ఇడువ." అంటుంటె మైసన్న దవడల తంబాకు ఆడుతుంది.

శాంతవ్వ చూసింది. "నీ నోరు సుత ఆడుతుంది గద! ఎవల చేన్లకెల్లి వస్తున్నవ్?"

ఊరు గొల్లుమన్నది. మైసన్న నవ్వలే. ఎంత మొండోడో గంత నిజాయితీ గల్లోడు. తనే తలుపు తీసిండు, లోపలికి వోయి మేక పక్కన కూసున్నడు, తలుపు పెట్టుకున్నడు.

"బయటికి రారా!" అన్నడు దేవయ్య.

"రూలు పోతేనే వస్త."

"సరే. ఈ రూలు మన తీర్మానాన్ని దాటింది. కొట్టేద్దామనేటోళ్లు చెయ్యి లేపుండ్రి."

అందరికన్న ముందు, దొడ్డి లోపల్నుంచి లేసిన చెయ్యి మైసన్నదే.

అగో, మీ అమ్మలు పిలుస్తుండ్రు. లేవుండ్రి, పోయి బువ్వ తినుండ్రి.