రంగునీళ్లు

పామిడి దాపున ఒక పల్లె. హైస్కూలు గేటు ఎదుట రసూల్‌బీ అంగడి. ఆమె ముందు బడి సైన్సు టీచరు ఉమాదేవి నిలబడి ఉంది, వెనక ఆమె దిగొచ్చిన ఆటో ఆగి ఉంది.

“మూయను టీచరమ్మా. నువ్వు కాదు, కలెక్టరొచ్చినా మూయను.”

“అంగడి మూయమని నేనన్నానా రసూల్‌బీ? ఆ పుల్లటి రంగునీళ్ల సీసాలు మాత్రం అమ్మొద్దంటాండా.”

“ఈ ఎండల్లో అవి కాక ఇంకేం అమ్ముడుపోతాయి ఈడ? గుండుసూదులా?”

“పిల్లోళ్ల పండ్లు కరిగిపోతాండాయి. నిన్న పండ్ల డాక్టరమ్మ వచ్చి అందరి నోర్లు తెరిపిచ్చి చూసింది. ప్రణీత్‌గాని ముందరి పండ్లు గాజుపెంకు మాదిరి పల్చబడినాయి. మజ్జిగ తాగినా జివ్వుమని ఏడుస్తాడు.”

“సరిగ్గా తోముకోకపోతే ఏడ్వక ఏం చేస్తాడు?”

“తోముతాడు. అదే ఇంకా చేటు. పులుపుకు పంటి మీది పొర మెత్తబడతాది. సీసా పట్టుకోని పొద్దంతా గుక్క గుక్క చప్పరిస్తారు, అది మళ్లా గట్టిపడే సందే ఇయ్యరు. మెత్తగుండేటప్పుడే బ్రష్షుతో గీకితే ఇంకేం మిగుల్తాది?”

“మేము చింతకాయలు తినలేదా? మా పండ్లు రాలినాయా?”

“నువ్వు చింతకాయ తిని కుండలో నీళ్లు తాగినావు. వీళ్లకు పులుపు మీద పులుపే.”

“ఆ, ఇప్పుడొచ్చినావు దోవకు! నీళ్లు. మీ బడి కొళాయి నీళ్లు నువ్వు తాగుతావా?”

“నా సంగతెందుకు ఇప్పుడు?”

“తాగుతావా, తాగవా?”

“...ఇంటికాడ నుంచి తెచ్చుకుంటా.”

“ఉప్పు కషాయం అవి. గొడ్లు గూడా మూతి పెట్టవు. దప్పికైన పిల్లోడు నా కాడికి రాక యాడికి పోతాడు? బడిలో ఫిల్టరు మిషను ఉండె కదా, అదేమాయె?”

“దానికి నీళ్లెక్కిచ్చే మోటరు... రిపేరుకు పోయిందంట.”

“అంట! యాడికి పోయిందో ఊరంతా ఎరుగు. బడి కమిటీకి పెద్ద మీ ఇంటాయనే. ఆ మోటరు ఆయన చీనీకాయల తోటకు నీళ్లు తోడుతాండాది. చెప్పు, అబద్ధమా?”

“మెల్లగా మాట్లాడు రసూల్‌బీ.”

“ఎందుకు మెల్లగా? ఇంట్లో మొగునికి చెప్పలేవు, బజార్లో ముసిల్దాన్ని బెదిరియ్యను వస్తావా?”

“చెట్లు ఎండిపోతాండాయని తీసకపోయినాడు. ఎండాకాలం పోతానే తెస్తానన్నాడు.”

“పిల్లోళ్లు ఎండిపోతే ఏం ఫర్వాలేదా? విను. ఆ మోటరు బడికొచ్చిన దినం ఈ సీసాలన్నీ నా చేతుల్తో నేనే మోరీలో పారబోస్తా. అంతవరకు నీ మాట వినేది లేదు, పో.”

“మాట మీద నిలబడతావా?”

“అల్లా తోడు.”

“అయితే లెయ్. ఆ ఆటోలో ఉండాది మోటరు. పొద్దున తోటకాడికి పోయి నేనే ఊడబీకిచ్చినా. అది బడికి తీసకపోతే మళ్లా ఇంటికి రావద్దన్నాడు మా ఆయన. రానని చెప్పొచ్చినా. నువ్వో పక్క పట్టు, దించుదాం.”