ముప్పై ఒకటో పోర్టు

ఆసుపత్రి కింది అంతస్తులో, కంప్యూటర్లు, ప్రింటర్ల వైర్లన్నీ వచ్చి చేరే, ఏ పోర్టు దీపం ఆరినా అలారం మోగే నెట్‌వర్క్ స్విచ్‌ల గదిలో ఆమె పనికి చేరి పది రోజులైంది. పై అధికారిణి “ముప్పై ఒకటో పోర్టు వైరు ఎక్కడికి పోతుందో వెళ్లి చూసిరా” అంటే సణుక్కుంటూ మెట్లెక్కింది. దిగొచ్చేసరికి గొంతు తగ్గింది.

“చూసొచ్చావా?”

“చూశానక్కా. ప్రింటర్లే కదా, ఊరికే నిద్రపోయి లేస్తుంటాయి, ఆ కాస్తకే మోగి ప్రాణం తోడేస్తున్నాయని పొద్దున వాటి అలారాలన్నీ ఒక్క దెబ్బకి కట్టేశాను.”

“మోత లేక హాయిగానే ఉంది. మరి ముప్పై ఒకటో పోర్టు చివర ఏముంది?”

“బ్లడ్ బ్యాంకు. చీటీ అంటించందే రక్తం సంచిని గడప దాటనివ్వరట. ఆ చీటీలు కొట్టే ప్రింటరు అదొక్కటే. నా కళ్లముందే ఒక నర్సు, చీటీ ఇంకా వెచ్చగా ఉండగానే, సంచి గుండెకు హత్తుకుని ఆపరేషన్ గదికి పరుగెత్తింది.”

“ఊఁ.”

“ఇక్కడ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దాని చివర ఏముందో నీకెలా తెలుసక్కా?”

“ప్రతి వైరు చివరిదాకా నడిచాను.”

“ఏడొందల పన్నెండూ?”

“రెండేళ్లు పట్టింది. ఏది మోగాలో, ఏది మోగక్కర్లేదో చెప్పాలంటే, అవతల ఎవరున్నారో తెలియాలి కదమ్మా.”

ఆమె గోడ నిండా మినుకుమంటున్న పచ్చ దీపాలను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత కీబోర్డు ముందుకు లాక్కుంది.

“ముప్పై ఒకటోది ఆరితే రెండు నిమిషాలు ఆగి, అప్పటికీ లేవకపోతేనే మోగేలా పెట్టానక్కా.”

“బాగుంది. మిగతా ప్రింటర్లు?”

“అన్నిటికీ అలారాలు తిరిగి పెట్టేశాను. మోగితే మోగనీ. ముప్పై రెండోది ఎటువైపక్కా?”

అడుగుతూనే చెప్పులు వేసుకుంటోంది.