నాలుగో నంబరు రైఫిల్, సరిత చెయ్యి

సభకు వచ్చిన అందరికీ నమస్కారం. నేను పర్వేజ్. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మీరు కోచ్ మేడం అని పిలిచిన ముబషిరా నా భార్య.

ముందు ఆమె చివరి రోజు గురించి చెబుతాను. అది గురువారం. పొద్దున ఆరింటికి ఇద్దరం మన వనపర్తి రైఫిల్ క్లబ్ రేంజికి వెళ్లాం. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాం. ఆమె టీ తాగి, క్లబ్ కార్యదర్శి గారికి ఉత్తరం రాయడానికి కూర్చుంది. పదింటికి ఎడమ చెయ్యి గుంజుతోందని చెప్పింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. పదకొండు కాకముందే పోయింది. అంతే.

మిత్రులారా, మూడు రోజులుగా ఇంటికి వచ్చి పరామర్శిస్తున్నారు. ఏం తిన్నది, బీపీ ఉందా, అన్నీ అడిగారు. ఆ పొద్దున రేంజిలో ఏం చేసిందని ఒక్కరైనా అడిగారా?

నేనే చెబుతాను. సరిత మీ అందరికీ తెలుసు. మానవపాడు పిల్ల. తల్లి కాంతమ్మ మిరప చేలలో కూలికి పోతుంది. మూడేళ్లు ముబషిరా దగ్గర నేర్చుకుంది. పోయిన నెల రాష్ట్ర పోటీల ఎంపికలో సరితకు నాలుగో నంబరు రైఫిల్ ఇచ్చారు. గుళ్లు చెదిరాయి. అప్పుడు డ్రై ఫైరింగ్ చేయించారు. అంటే తూటా లేకుండా, గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, ట్రిగ్గర్ నొక్కించడం. బిళ్ల పడితే చెయ్యి కదిలినట్టు లెక్క. బిళ్ల పడింది.

కార్యదర్శి రామచంద్రయ్య గారు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆ రోజు కాంతమ్మ వింటుండగా ఏమన్నారో ఆయనకు గుర్తుండాలి. "కూలోళ్ల పిల్ల, తిండి సక్కగ ఉండదు, చెయ్యి వణకదా మరి? పేరు కొట్టేయిండ్రి."

కొట్టేశారు.

ముబషిరా ఒప్పుకోలేదు. "పిల్ల చెయ్యి కాదు, తుపాకే ఉలుకుతుంది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ, నేను చేసింది అంతకన్నా మంచిదేం కాదు. వణికే ఉంటుందిలే, వదిలెయ్యి అన్నాను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి అలా అన్నాను.

ఆమె వదల్లేదు. నాలుగో నంబరును తనే పట్టి చూసింది. బిళ్ల పడింది. ఇరవై ఏళ్లు రైఫిల్ పట్టిన చెయ్యి కూడా వణికిందా? తుపాకీకి ఏం జరిగిందని వెతుక్కుంటూ కొత్తకోట పోయింది. లారీ బాడీలకు రంగులేసే గౌస్ పాషా షెడ్డుకు. పెద్దలు తనిఖీకి వస్తున్నారని, మెరవాలని, అప్పుడు క్లబ్‌లో ఉన్న తుపాకుల కట్టె భాగాలన్నీ అక్కడికే పంపారు కదా! గౌస్ పాషా దాచలేదు. "మేడం, లారీకి లోపల గూడ కొడ్తం. గట్లనే కొట్టిన, రెండు కోటింగులు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. కట్టెలో గొట్టం ఇనుము కూర్చునే గాడిలో రంగు పడితే ఇనుము కుదురుగా కూర్చోదని, ట్రిగ్గర్ నొక్కగానే ఉలుకుతుందని ఆయనకు ఎవరు చెప్పారు?

ఆమె తిరిగి వచ్చి, స్క్రూలు విప్పి ఆ రంగు గీకడానికి అనుమతి అడిగింది. ఒక పూట పని. "తనిఖీ అయ్యేదాంక స్క్రూ ముట్టొద్దు, పెయింటు లేస్తది" అన్నారు రామచంద్రయ్య గారు. తనిఖీ అయింది. తర్వాత కూడా అనుమతి రాలేదు. ఆమెను మొండిది అన్నారు. ఇందాక ఇదే మైకులో ఓర్పుకు మారుపేరు అన్నారు. రెండూ అన్నది ఒకే నోరు.

గురువారం పొద్దున ఆమె నాలుగో నంబరును ఇసుక సంచుల మీద పెట్టింది. తూటా పెట్టే గది ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసింది. భుజం ఆనించలేదు, చేత్తో పట్టుకోలేదు. రెండు వేళ్లతో ట్రిగ్గర్ నొక్కింది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ బిళ్ల పడింది. తర్వాత అవే సంచుల మీద రెండో నంబరు. రంగులు వేసిన వారం అది గద్వాల క్యాంపులో ఉంది, దానికి రంగు తగల్లేదు. మూడుసార్లూ బిళ్ల నిలబడింది.

అప్పుడు నన్ను పిలిచింది. "లెక్చరర్ సాబ్, జర నీ వేలు ఈడ పెట్టు." నాలుగో నంబరులో ఇనుము, కట్టె కలిసే చోట పెట్టాను. ముందువైపు స్క్రూ పావు వంతు విప్పింది, మళ్లీ బిగించింది. నా వేలి కింద ఇనుము లేచింది, దిగింది. రెండో నంబరు మీద అదే చేసింది. ఏమీ కదలలేదు. "ఇప్పుడు చెప్పు, ఎవరి చెయ్యి వణికింది?" అంది. ఇంటికి వచ్చాక చెబుదాం అనుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. సరిత చెయ్యి వణకలేదు.

ఎంపిక జాబితా రేపు పదింటికి హైదరాబాద్ పోతుంది. అందులో సరిత పేరు లేదు. ముబషిరా పేరుతో షీల్డు పెడతామన్నారు. వద్దు. ఆమె అడిగింది షీల్డు కాదు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట.

రామచంద్రయ్య గారూ, రేంజి తాళం మీ దగ్గరే ఉంది. తుపాకులు మీ బీరువాలోనే ఉన్నాయి. జాబితా పోకముందే మీరే తీయండి, మీరే సంచుల మీద పెట్టండి. నేను ముట్టుకోను. మీ వేలు మాత్రం నేను చెప్పిన చోట పెట్టండి. తర్వాత కాంతమ్మ ముఖం చూసి, ఆ రోజు అన్న మాట మళ్లీ అనండి.

ఇక అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉందాం. మౌనం ముగిశాక నా దగ్గరికి ఎవరూ ఓదార్చడానికి రావద్దు. రేపు పొద్దున ఆరింటికి సరితను, కాంతమ్మను వెంటబెట్టుకుని, ముబషిరా కుట్టిన ఆ రెండు ఇసుక సంచులు పట్టుకుని, రేంజి తలుపు ముందు కూర్చుంటాను.