పందిపిల్లను పట్టే చేతులు

“ముందు ఆ నమలడం ఆపు బావా! చెవిలో నువ్వు నములుతుంటే ఇక్కడ నాకు బుర్ర పనిచెయ్యట్లేదు.”

“నమలకపోతే నాది పనిచెయ్యదు. చిక్కుళ్ళూ మాంసం వేసిన వేడి వేడి చిల్లీ, పక్కన దాల్చినచెక్క రొట్టె. కిందికి పంపించనా?”

“గెలిచాక పంపించు.”

నెబ్రాస్కాలో ఓ చిన్న కాలేజీ మైదానం. నవంబరు చివరి శనివారం, సీజన్లో ఆఖరి ఫుట్‌బాల్ ఆట, ఆఖరి నిమిషం, విరామం అడిగి ఆట ఆపారు. కాళ్ళతో తన్నే ఆట కాదు, బంతిని పొట్టకి కరుచుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే ఆట. మంచూ వానా కలిసి కురుస్తుంటే కింద మైదానం అంచున తడిసి ముద్దవుతున్నవాడు పెద్ద కోచ్ హాల్వర్. పైన చెక్కగదిలో వెచ్చగా కూర్చుని ఎత్తులు చెప్పేవాడు అతని అక్క మొగుడు ఎమెట్. ఇద్దరినీ కలుపుతున్నవి చెవులకు తగిలించుకున్న గరగరలాడే చవక ఫోన్లు.

“గెలుస్తాం హాల్వర్. నాలుగు పాయింట్లు వెనకున్నాం, బంతితో గీత దాటితే ఆరొస్తాయి, ఆ గీతకి మూడు గజాల దూరంలో ఉన్నాం, ఒక్క ఎత్తు మిగిలింది. గెలవక ఏం చేస్తాం?”

“ఓడిపోతాం.”

“నీ నోట్లో మంచు పొయ్య! అసలు రెండో సగంలో ఏంటి ఈ గ్రహచారం? మనం ఏ ఎత్తు వేసినా వాళ్ళకి ముందే తెలిసిపోయినట్టు అక్కడే నిలబడుతున్నారు.”

“అదృష్టం.”

“అదృష్టమా? టోబీ ఎటు పరిగెడితే అటే— ఆగు. ఎవరో దగ్గారు. నువ్వేనా?”

“నేనే.”

“నీ దగ్గు నాకు తెలీదా? అది నీ దగ్గు కాదు.”

“అయితే ఫోనుకి జలుబు చేసింది. వదిలెయ్యి. ఏం వేద్దామో చెప్పు. గట్టిగా చెప్పు, ఇక్కడ బ్యాండు వాళ్ళ గోల.”

“గట్టిగానే చెప్తాను. పందిపిల్ల!”

“వద్దు.”

“పూర్తిగా విను—”

“పందిపిల్ల వద్దు బావా.”

“నిజం పందిపిల్లని మైదానంలోకి తోలమన్నానా? వెండెల్‌కి బంతి ఇమ్మంటున్నాను!”

“వెండెల్ నూట యాభై కిలోలు. వాడి పని ఎదుటివాణ్ణి గెంటి పారెయ్యడం. నాలుగేళ్ళుగా అదొక్కటే చేస్తున్నాడు. బంతి ముట్టుకోడు. ముట్టుకోకూడదు, రూలు.”

“ముందుకి విసిరిన బంతిని ముట్టుకోకూడదు. వెనక్కి విసిరితే ఎవడైనా పట్టొచ్చు. నాకు చెప్తున్నావా రూల్సు? మీ అక్కని అడుగు, నిద్దట్లో కూడా రూల్సే కలవరిస్తాను.”

“అడగక్కర్లేదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే చెప్పి ఏడుస్తోంది.”

“ఇది విను. ఈ తడికి డెస్మండ్ చేతుల్లోంచే బంతి సబ్బుముక్కలా జారుతోంది. డెస్మండ్ అంటే మనకున్నవాళ్ళలో మేటి. మరి వెండెల్ ఎక్కడ పెరిగాడు?”

“తెలుసు.”

“నీ నోటితో చెప్పు.”

“పందుల ఫారంలో.”

“జిల్లా సంతలో ఒంటినిండా నూనె రాసి పందిపిల్లల్ని వదిలితే, ఏటేటా పట్టి చూపించిందెవడు? జారేదాన్ని బిగించి పట్టుకోకూడదట హాల్వర్. బిగిస్తే ఎగిరిపోతుందట. దాన్ని పొట్ట మీదకి రానిచ్చి, మోచేతులు రెండూ మెల్లిగా మూసెయ్యాలట. వాడే చూపించాడు. గురువారం బకెట్లో ముంచి ముంచి విసిరాను, ఒక్క బంతి జారితే ఒట్టు!”

“గురువారం సరదాకి చేశాం.”

“నేను సరదాకి చెయ్యలేదు.”

“నువ్వు గడ్డిలో పడి దొర్లి నవ్వావు బావా.”

“ఆనందం పట్టలేక! ఈ కాలేజీలో అడుగుపెట్టిన రోజు నుంచీ నీకు ఒక్కటే మాట చెప్తున్నాను—”

“ఎవడి దగ్గర ఏముందో చూడు, దాంతోనే వంట చెయ్యి, లేనిదాని కోసం ఏడవకు. మీ పెళ్ళి విందులో కూడా ఇదే ఉపన్యాసం. కేకు కొయ్యడానికి అరగంట ఆలస్యమైంది.”

“మరి వంట కుదిరిందా లేదా? టోబీని చూసి అందరూ ఏమన్నారు? గాలొస్తే ఎగిరిపోతాడన్నారు. ఇంటింటికీ పేపర్లేస్తూ ఊళ్ళో కుక్కలన్నిట్నీ తప్పించుకుని పెరిగిన కుర్రాడు. వాణ్ణి మూలకి వదిలితే ఎవడైనా పట్టగలిగాడా?”

“లేదు.”

“రూబెన్? బంతి విసిరేవాడికి భుజంలో బలం ఉండాలి. వీడి భుజంలో ఏముంది?”

“ఏమీ లేదు.”

“మరి వాడి దగ్గర ఏముంది?”

“అబద్ధం.”

“అబద్ధమా? మహా అబద్ధం! డెస్మండ్‌కి బంతి ఇచ్చినట్టు వాడు ఒక్కసారి నటిస్తే కెమెరా పట్టుకున్నవాళ్ళు కూడా డెస్మండ్ వెనకే పోతారు. నేను పోయాను! ఎత్తు చెప్పినవాణ్ణి నేను, నేనే పోయాను!”

“నిన్ను నమ్మించడం పెద్ద విద్యేం కాదులే బావా.”

“ఎగతాళి తర్వాత. రూబెన్ డెస్మండ్‌కి ఇచ్చినట్టు నటిస్తాడు, అందరూ డెస్మండ్ మీద పడతారు, వాడు చల్లగా బంతిని వెనక్కి వెండెల్ పొట్ట మీదకి వేస్తాడు, వెండెల్ ఎడమ చివర నడుచుకుంటూ పోతాడు. పరిగెత్తక్కర్లేదు కూడా!”

“వాడు పరిగెత్తలేడు కూడా.”

“హాల్వర్, ఒక్క మాట. వాళ్ళ నానమ్మ వింటోంది.”

“ఎవరి నానమ్మ?”

“వెండెల్ నానమ్మ. కళ్ళు కనబడవు కదా, రేడియోలోనే వింటుంది. నా పక్కగదిలోంచి ఎర్ల్ రేడియోకి ఆట చెప్తుంటే అక్కడ వంటింట్లో కూర్చుని వింటుంది, నాలుగేళ్ళుగా ప్రతి ఆటా. తోసేవాడి పేరు రేడియోలో ఎప్పుడు చెప్తారు? బాగా తోసినప్పుడు చెప్తారా?”

“చెప్పరు.”

“‘తప్పు! డెబ్భై రెండో నంబరు, వెండెల్ కుచేరా!’ ఇదీ ఆవిడ విన్నది. ఇదొక్కటే. మొన్న నా చెయ్యి పట్టుకుని ఏమడిగిందో తెలుసా? ‘మావాడు ఇన్ని తప్పులు చేస్తుంటే ఎందుకు పెట్టుకున్నారు బాబూ, తండ్రి లేని పిల్లాడని జాలిపడ్డారా?’ అంది.”

“విరామం అయిపోతోంది బావా.”

“వాడికిది ఆఖరి ఆట. రేపట్నుంచి మళ్ళీ పందులే. ఆవిడకి ఒక్కసారి వాడి పేరు మంచిగా వినిపిద్దాం హాల్వర్.”

“జాలితో ఎత్తులు వెయ్యను బావా. నేరుగా మధ్యలోంచే. డెస్మండ్‌కి బంతి, మిగిలినవాళ్ళంతా వెనకనుంచి తోపు.”

“అవతలి కోచ్ కూడా అదే అనుకుంటున్నాడయ్యా!”

“అనుకోనీ. ఏం వేస్తున్నామో మళ్ళీ ఒకసారి చెప్పు.”

“నాతో ఎందుకు చెప్పిస్తావు?”

“నీకు అర్థమైందో లేదో తెలియాలిగా. గట్టిగా.”

“డెస్మండ్! మధ్యలోంచి! నేరుగా! గోడకి తల బాదుకున్నట్టు! చాలా?”

“చాలు. ఎంత బాగా చెప్పావు!”

“నీ కాళ్ళు పట్టుకుంటాను హాల్వర్.”

“నువ్వు పైనున్నావు, నా కాళ్ళు కిందున్నాయి.”

“దిగొచ్చి పట్టుకుంటాను!”

“మెట్లు జారుతున్నాయి, కదలకు. ఒరే రూబెన్! ఇటురా.”

“చెప్పండి కోచ్.”

“నేరుగా. డెస్మండ్‌కి.”

“రూబెన్! నాయనా రూబెన్! నేను ఎమెట్‌ని, పైనుంచి! మీ కోచ్ మాట వినకు—”

“వాడికి నీ మాట వినబడదు బావా. ఫోను నా చెవిలో ఉంది.”

“అయితే నువ్వు చెప్పు, ఎమెట్ వద్దంటున్నాడని చెప్పు. హాల్వర్? మైకు మీద చెయ్యి పెట్టావేం? దుర్భిణిలో కనబడుతున్నావు. హాల్వర్! ఓ హాల్వర్!”

“...తుమ్మొచ్చింది.”

“అంతసేపా?”

“పెద్ద తుమ్ము.”

“రూబెన్ ఎందుకు నవ్వుతున్నాడు?”

“వాడి మీద పడింది. ఏరా రూబెన్, ఏం వేస్తున్నాం?”

“నేరుగా డెస్మండ్‌కే కోచ్. వేరే ఏముంది?”

“విన్నావా బావా? బుద్ధిమంతుడు.”

“విన్నాను. నా చిల్లీ చల్లారిపోయింది. నా మనసు కూడా.”

“ఏడుస్తున్నావా?”

“ఏడుస్తాను! నా ఏడుపు నా ఇష్టం! అదిగో, వాళ్ళని చూడు! చూశావా? పదకొండు మందీ మధ్యలోకి వచ్చి కూచున్నారు. ఎడమ చివర ఒక్కడు లేడు హాల్వర్! అంత ఖాళీ. పెళ్ళికి పందిరి వేసుకోవచ్చు అక్కడ!”

“అవునవును. చాలా ఖాళీగా ఉంది.”

“ఇంకా మించిపోలేదు, మార్చు!”

“మించిపోయింది. బంతి లేచింది, చూడు.”

“లేచింది. రూబెన్ తీసుకున్నాడు. డెస్మండ్‌కి ఇచ్చాడు. డెస్మండ్ దూరాడు... ఆపేశారు. హాల్వర్, ఆపేశారు. కుప్ప పడ్డారు వాడి మీద. చెప్పానా? చెప్పానా నీకు? గోడ అవతల ఎర్ల్ కూడా ‘డెస్మండ్‌ని పట్టేశారు, అంతా అయిపోయింది’ అని అరుస్తున్నాడు. ఆ ముసలావిడ రేడియో కట్టేసి ఉంటుంది ఈపాటికి—”

“బావా.”

“నాతో మాట్లాడకు.”

“బావా, ఎడమ చివర చూడు.”

“ఎందుకు చూడాలి? ఏముంది అక్కడ? ఎడమ చివర వెండెల్ తప్ప... వెండెల్ అక్కడేం చేస్తున్నాడు?”

“నిలబడ్డాడు.”

“గీత అవతల నిలబడ్డాడు!”

“అవును, అవతలే.”

“పొట్ట దగ్గర ఏంటది?”

“దుర్భిణి నీ దగ్గరుంది, నువ్వే చెప్పు.”

“బంతి! బంతి బంతి బంతి! పందిపిల్లని పట్టినట్టు పట్టుకున్నాడురా దేవుడా! ఒంటరిగా నిలబడి ఎవరికివ్వాలా అని చూస్తున్నాడు! రిఫరీ చేతులెత్తాడు! రెండు చేతులూ! గెలిచాం! అయ్యో, నా చిల్లీ! చొక్కా మీద పడింది! పడనీ! హాల్వర్, నా కాలు బల్ల కింద ఇరుక్కుంది, అయినా గెంతుతున్నాను!”

“గెంతు బావా, గెంతు!”

“ఆగు ఆగు, ఆ ఎర్ల్ ఇంకా డెస్మండ్ అనే అంటున్నాడు! ఒరే ఎర్ల్! డెస్మండ్ కాదురా! గోడ బద్దలు కొడతాను! డెబ్భై రెండు! వెండెల్! వెండెల్ కుచేరా!”

“ఎమెట్, నేను ఎర్ల్‌ని! గోడ బాదకు, వెండెల్ పేరే చెప్తున్నాను! పల్చటి చెక్క, నీ కేకలన్నీ నా రేడియోలోకి వచ్చేస్తున్నాయి!”

“వస్తున్నాయా? నిజంగా వస్తున్నాయా? నానమ్మగారూ! రేడియో కట్టెయ్యకండి! మీ వెండెలేనమ్మా! మీవాడే గెలిపించాడు! తప్పు కాదు! ఈసారి తప్పు కాదమ్మా!”

“బావా, కాస్త గొంతు తగ్గించు. వెండెల్ నీతో మాట్లాడతాడట. ఇదిగో, వాడి తలకి ఈ ఫోను పట్టట్లేదు, చేత్తో పట్టుకుని మాట్లాడతాడు.”

“కోచ్ ఎమెట్, నేనండీ, వెండెల్‌ని. రేడియోలో... చెప్పారాండీ?”

“ఎర్ల్ చెప్పాడురా! నాలుగైదుసార్లు చెప్పాడు! నేనూ చెప్పాను!”

“తప్పు అని చెప్పలేదు కదండీ?”

“లేదురా నాన్నా. ఎవరూ అనలేదు.”

“బంతి రిఫరీ అడుగుతున్నాడండీ. నాకు ఇవ్వబుద్ధి కావట్లేదు. నానమ్మ ఒకసారి తడిమి చూసుకుంటుందని.”

“ఇవ్వకు! పొట్ట మీదే ఉంచుకో! ఎవడు లాక్కుంటాడో నేనూ చూస్తాను! ఫోను మీ కోచ్‌కివ్వు. హాల్వర్!”

“చెప్పు బావా.”

“దొంగవి నువ్వు! పచ్చి దొంగవి! అది తుమ్మా? అది తుమ్మేనా?”

“కాదు. పందిపిల్ల అని రూబెన్ చెవిలో చెప్పాను.”

“మరి నాకు చెప్తే నీ సొమ్మేం పోయింది? కాళ్ళు పట్టుకుంటానన్నాను! ముసలావిణ్ణి తలుచుకుని ఏడ్చాను! చిల్లీ తినడం మానేశాను!”

“చెప్పడానికి లేదు. ఆ దగ్గు గుర్తుందా?”

“ఫోను దగ్గు?”

“అవతలి కోచ్ దగ్గు అది. మన మాటలు వాళ్ళ ఫోన్లోకి పోతున్నాయి బావా, రెండో సగం మొదలైనప్పటి నుంచీ. నాకు చివర్లో వెలిగింది.”

“అయితే నేను పందిపిల్ల పందిపిల్ల అని గొంతు చించుకున్నది—”

“విన్నారు. నేను వద్దన్నదీ విన్నారు. నువ్వు బతిమాలింది, తిట్టింది, డెస్మండ్, మధ్యలోంచి, నేరుగా అని కుళ్ళి కుళ్ళి అరిచింది, అన్నీ విన్నారు. నువ్వు ఏడుపందుకున్నాక ఇంక వాళ్ళకి అనుమానం మిగల్లేదు, పదకొండు మందీ మధ్యలోకి వచ్చేశారు.”

“నాకో సైగ చేస్తే నేనూ నటించేవాణ్ణి కదయ్యా!”

“ఎవడి దగ్గర ఏముందో చూసి దాంతోనే వంట చెయ్యమని చెప్పింది నువ్వే కదా బావా? వెండెల్ దగ్గర చేతులున్నాయి, రూబెన్ దగ్గర అబద్ధం ఉంది, నీ దగ్గర అబద్ధమాడటం చేతకాని గొంతు ఉంది.”