సీలు కోసం ఆగిన పదకొండు రోజులు

జైలు గేటు పక్కనున్న చిన్న గది. బెయిలు మీద విడుదలవుతున్న ఆమె, ఆమె కేసు చూస్తున్న సహాయ సంస్థ అమ్మాయి.

“ముందు రిజిస్టర్లో సంతకం పెట్టాలక్కా. తర్వాత నీ బట్టలూ, వాచీ చూసి తీసుకోవాలి. పదింటి బస్సు పట్టుకోవాలి. సోమవారం స్టేషన్‌కెళ్లి కనబడాలి. పాపకి ఫోన్ చెయ్యాలి…”

“కాస్త ఊపిరి పీల్చుకో, కాగితాల మేడం! విడుదల నాకా, నీకా?”

“నీకే.”

“మరి మొహం అలా వాడిపోయిందేం?”

“ఎండలో వచ్చాను.”

“పొద్దున్నే ఎనిమిదింటికి ఎండేంటి?”

“అక్కా… బెయిలు ఇవాళ రాలేదు.”

“మరి?”

“ముందే వచ్చింది. పదకొండు రోజులైంది.”

“ఊఁ.”

“జామీను నిలబడ్డాయన చిరునామా కాగితం మీద తహసీల్దారు ఆఫీసు సీలు లేదు. సీలు వేసే ఆయన సెలవు. లేకుండా కోర్టులో ఇస్తే తిప్పి పంపుతారని నా దగ్గరే ఉంచాను. నిన్న కోర్టు గుమాస్తాని అడిగితే, ‘దానికి సీలెందుకమ్మా, సంతకం చాలు’ అని అప్పుడే తీసుకున్నాడు. ముందే ఒక్క మాట అడిగుంటే… మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అక్కా. నాకు తెలీదని ఎవరితోనూ అనలేను.”

“పాప పరీక్షలు?”

“నిన్నటితో అయిపోయాయి.”

“బడి గేటు దగ్గర నిలబడతానని మాటిచ్చాను.”

“తెలుసు. పరీక్ష రాసి వచ్చి, రోజూ గేటు దగ్గర అటూ ఇటూ చూసేదట. మీ చెల్లెలు చెప్పింది. తిట్టక్కా. తిట్టు. అలా చూడకు.”

“నాకు తెలుసే.”

“ఏం తెలుసు?”

“బెయిలొచ్చిందని. మూడోరోజే వార్డరమ్మ చెప్పింది, ‘మీ మేడం కాగితం తేవడమే ఆలస్యం’ అని.”

“మరి నాకు ఫోను…”

“వారానికొక్కటే ఫోను. మర్నాడే నా వంతు. నీ నంబరు నోటికొచ్చు కూడా. అప్పుడే కొత్తగా ఒక పిల్లొచ్చింది. పద్దెనిమిది నిండీ నిండనిది. ముద్ద ముట్టదు, నా చెయ్యి వదలదు. వాళ్లమ్మతో మాట్లాడుకోమని నా వంతు దానికిచ్చేశాను.”

“మాట్లాడిందా?”

“కూతురి గొంతు వినగానే ఫోను పెట్టేసింది ఆ తల్లి. నోరారా తిట్టాను ఆవిణ్ణి. తర్వాత అనిపించింది, నేను చేసిందేంటి? నా కూతుర్ని గేటు దగ్గర వదిలేసి…”

“నీ తప్పేం లేదక్కా. నాదే.”

“అయితే మా పాపకి అలాగే చెప్పు. తప్పంతా నీదేనని చెప్పు. నేను ఫోను వదులుకున్నానని మాత్రం చెప్పకు. మొయ్యగలవా?”

“మోస్తాను.”

“లోపల ఎడమవైపు కిటికీ కింద పడుకుంటుంది ఆ పిల్ల. వకీలు లేడు, అడిగే దిక్కు లేదు. నన్ను మర్చిపోయినా ఫరవాలేదు తల్లీ, దాన్ని గుర్తుపెట్టుకో.”